వంతగాడున్న కీబోర్డు కొనాలా?

ప్రశ్న: అన్నా, నాది దేవరకొండ దగ్గర ఊరు. స్కూల్ టీచర్‌ని, వయసు 43. మా నాన్న ఊరి భజన బృందంలో హార్మోనియం వాయించేవారు, నాకూ ఆయనే నేర్పారు. ఆయన పోయాక పెట్టె అటకెక్కింది. ఏడాది కింద మళ్లీ దింపి వాయిస్తున్నా. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన యమహా రీఫేస్ సీఎస్ అనే చిన్న సింథసైజర్‌ను సెకండ్ హ్యాండ్‌లో 24 వేలకు ఇస్తానంటున్నాడు. అందులో లూపర్ ఉందట, మనం వాయించింది అదే తిప్పి తిప్పి వాయిస్తుందట. రాత్రిపూట ఒక్కడినే కూర్చుని సొంతంగా బాణీలు కట్టుకోవాలని నా ఆశ. మా ఆవిడేమో ఆ డబ్బుతో 61 కీల పెద్ద కీబోర్డు కొంటే ఏడో తరగతి చదివే అమ్మాయి కూడా నేర్చుకుంటుంది అంటోంది. నా దగ్గర 30 వేలున్నాయి, ఒక్కసారే కొనగలను. లూపర్ నిజంగా పనికొస్తుందా, లేక పిల్లల బొమ్మా?

జవాబు: సార్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అమ్మాయి ఒక్కసారే కనిపించింది, అదీ మీ ఆవిడ మాటగా. కీబోర్డు నేర్చుకుంటావా అని ఆ పిల్లను ఎవరైనా అడిగారా? ముందు అది అడగండి. ఈలోగా లూపర్ సంగతి చూద్దాం.

బుర్రకథ చూసే ఉంటారు. కథకుడు ఒక చరణం అందిస్తే పక్కనున్న వంతలు దాన్ని పట్టుకుంటారు. వాళ్లు సాగదీస్తున్నంతసేపు ఆయన ఊపిరి తీసుకుంటాడు, చెమట తుడుచుకుంటాడు, తర్వాతి మాట వెతుక్కుంటాడు. బతుకమ్మ దగ్గరా అంతే. ఒకామె చరణం ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు 'ఉయ్యాలో' అని అందుకుంటారు. లూపర్ చేసేది ఈ వంత పనే. మీరు నాలుగు ఆవర్తాలు, అంటే తాళం నాలుగు చుట్లు వాయించి మీట నొక్కితే, మీరు ఆపమనేదాకా అదే వాయిస్తూ ఉంటుంది. అలా తిరిగేదాన్నే లూప్ అంటారు. దాని మీద మీరు ఇంకోటి వాయించుకోవచ్చు. ఆ రెండోదాన్ని కూడా మొదటిదాని మీద పేర్చుకోవచ్చు. దాన్ని ఓవర్‌డబ్ అంటారు.

తేడా ఒక్కటే. మనిషి వంతగాడు కథకుడు తడబడితే తానూ కాస్త తగ్గి ఆ తప్పు కప్పేస్తాడు. యంత్రం వంతగాడికి ఆ మర్యాద తెలియదు. మీ తప్పును పట్టుకుని ఊరంతా చాటింపు వేస్తాడు.

ఇది నాకు అనుభవమే. చాలా ఏళ్ల కింద నల్గొండలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో వాయిస్తున్నా. కొత్తగా చేతికొచ్చిన లూపర్ కదా, చూపించుకోవాలని ఉబలాటం. మీట సరిగ్గా దెబ్బ మీద నొక్కాల్సింది, అర దెబ్బ ఆలస్యంగా నొక్కాను. ఇంకేముంది, ప్రతి ఆవర్తం చివర పాట ఒకసారి కుంటడం మొదలుపెట్టింది. నాలుగో చుట్టు వచ్చేసరికి పక్కన డప్పు వాయించే ఆయన దరువు ఆపి నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ. మర్నాటి నుంచి ఆరు నెలలు లూప్ పెట్టుకుని ఇంట్లోనే సాధన చేశాను. ఇరవై ఏళ్లు వాయించినా నా చేతికి కుదరని కాలప్రమాణం ఆ ఆరు నెలల్లో కుదిరింది. అందుకే బొమ్మా అని అడిగితే కాదనే చెప్తాను.

అయితే లూపర్లన్నీ ఒకటి కావు. కొనేముందు ఒక తేడా తెలియాలి.

ఒక రకం టేప్ రికార్డర్ లాంటిది. వినిపించిన శబ్దాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. అందులోకి మీ గొంతు వెళ్తుంది, హార్మోనియం వెళ్తుంది, చిడతలు వెళ్తాయి. కాలితో నొక్కే లూపర్ పెడళ్లు ఈ రకం. రెండోది స్వరాలు రాసుకునేవాడి లాంటిది. ఏ కీ, ఎప్పుడు నొక్కారు, ఎంతసేపు పట్టి ఉంచారు అన్నదే గుర్తుపెట్టుకుంటుంది. శబ్దాన్ని దాచుకోదు, ప్రతి చుట్టులోనూ కొత్తగా పుట్టిస్తుంది.

మీరు చూసిన రీఫేస్ సీఎస్ రెండో రకం. యమహా 2015లో రీఫేస్ పేరుతో నాలుగు చిన్న కీబోర్డులు తెచ్చింది. వాటిలో సీఎస్, డీఎక్స్ అనే రెండింటికే ఈ ఫ్రేజ్ లూపర్ ఉంది, సీపీ, వైసీలకు లేదు. కాబట్టి అమ్మేవాడు రీఫేస్ అంటే సరిపోదు, పైన సీఎస్ అని ఉందో లేదో చూసుకోండి.

స్వరాలు రాసుకునే రకం కావడం వల్ల ఒక అందం ఉంది, కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి. అందం ఏంటంటే, లూప్ తిరుగుతుండగానే ప్యానెల్ మీద స్లైడర్లు జరిపి దాని రంగు మార్చుకోవచ్చు. ముక్కుతో పాడినట్టున్న శబ్దం మెల్లగా విచ్చుకుని సన్నాయిలా అవుతుంది, మళ్లీ ముడుచుకుని బావిలోంచి వచ్చినట్టవుతుంది. వాయించిన స్వరాలు అవే, మారేది గొంతు. అది మొదటిసారి విన్నవాళ్లు ఒక గంటపాటు లేవరు. నేనూ లేవలేదు.

ఇబ్బందుల్లో మొదటిది, రంగు మారిస్తే లూపూ మారుతుంది, పైన మీరు వాయించేదీ మారుతుంది. ఎందుకంటే ఒకసారికి ఒకే శబ్దం. కింద తంబూర, పైన వేణువు అనుకుంటే కుదరదు. పైగా దీంట్లో తబలా లేదు, ఢోలక్ లేదు, అసలు రిథమ్ అన్నదే లేదు. భజనకు పట్టుకెళ్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి.

రెండోది, ఒకేసారి ఎనిమిది స్వరాలే పలుకుతాయి. ఎనిమిది చాలవా అనిపిస్తుంది. లెక్క చూడండి. కింద స, ప పట్టి ఉంచారు, రెండు పోయాయి. దాని మీద మూడు స్వరాలు కలిపి నొక్కే కార్డ్ ఒకటి పేర్చారు, ఐదు పోయాయి. ఇంకో కార్డ్ పేర్చారో, అప్పటికే ఎనిమిది. మీరు పైన వేలు పెట్టగానే కింద ఏదో ఒకటి తెగిపోతుంది. హార్మోనియం వాయించిన చెవికి అది వెంటనే తెలిసిపోతుంది. అంటే కింద పలచగా వాయించడం నేర్చుకోవాలి. అదేమీ చెడ్డ అలవాటు కాదు.

మూడోది, ఆఫ్ చేస్తే లూప్ పోతుంది. రాత్రి కట్టిన బాణీ పొద్దున ఉండదు. కరెంటు పోయినా అంతే. అడాప్టర్‌తో బాటు ఆరు పెన్సిల్ సెల్లు వేసి పెట్టుకోవచ్చు, మన దగ్గర అది అవసరమే. కానీ సెల్లున్నా సరే, అడాప్టర్ పీకి పెట్టే క్షణంలో ఇలాంటి కీబోర్డులు ఒక్కోసారి ఆగిపోతాయి. బాణీ బాగుందనిపించిన మరుక్షణం ఫోన్‌లో రికార్డ్ చేసుకోవడం ఒక్కటే మార్గం. మీరు కుదుర్చుకున్న శబ్దాన్ని దాచుకోవడానికి కూడా ఈ సీఎస్‌లో చోటు లేదు. స్లైడర్లు ఎక్కడున్నాయో ఫోటో తీసి పెట్టుకోవాలి, లేదంటే యాప్‌తో కలుపుకోవాలి.

ఇంతవరకు విని వద్దనిపిస్తోందా? ఆగండి, మీ విషయంలో ఒకటుంది. ఇది మామూలు కీబోర్డు వాళ్లకు చెప్పను, హార్మోనియం వాళ్లకే చెప్తాను.

హార్మోనియం వాయించేవాళ్లం కుడిచేత్తోనే వాయిస్తాం. ఎడమ చేతికి తిత్తి ఊపడమే పని. నలభై ఏళ్లు వాయించినవాళ్లయినా కీబోర్డు ముందు కూర్చోగానే ఆ ఎడమ చేయి ఏం చేయాలో తెలియక ఒడిలో పడి ఉంటుంది. నేర్పించబోతే విసుగొస్తుంది, ఎందుకంటే కుడిచేయి పండిపోయింది, ఎడమది ఒకటో తరగతిలో ఉంది. లూపర్ ఉంటే ఈ కష్టం తప్పుతుంది. ముందు కుడిచేత్తోనే శ్రుతి వేస్తారు, మీట నొక్కుతారు. తర్వాత అదే కుడిచేత్తో దాని మీద పాట. రెండు చేతుల పనిని ఒకే చేయి రెండు విడతల్లో చేస్తుంది. ఎడమ చేయికి తిత్తి బదులు లూప్ మీటా, స్లైడర్లూ దొరుకుతాయి. సీఎస్‌లో ఆ మీట చేత్తో జరిపేదే. రెండు చేతులతో వాయించేవాడికి అది పెద్ద లోటు, ఆవర్తం చివర చేయి తీసి మీట దగ్గరికి పోవాలి. మీకు అది లోటే కాదు.

కీలు 37 ఉన్నాయని భయపడకండి. అంటే మూడు స్థాయిలు. మీ నాన్నగారి పెట్టెకూ ఇంచుమించు అంతే ఉండి ఉంటాయి. అసలు భయపడాల్సింది కీల సైజుకు. ఇవి చిన్న కీలు, మామూలు వాటికంటే సన్నం. హార్మోనియం మీద కుదిరిన వేళ్లు మొదటి రోజు పక్క స్వరం మీద పడతాయి. కొందరికి వారంలో అలవాటైపోతుంది, లావు వేళ్ల వాళ్లకు ఎప్పటికీ కాదు. చూసుకోవడానికి సులువైన పద్ధతి సరళీ స్వరాలు, సంగీతంలో మొదట నేర్పే పాఠం. మూడు కాలాల్లో, అంటే ఒకదానికొకటి రెట్టింపు వేగంతో వాయించండి. రెండో కాలం దాకా అందరికీ వస్తుంది. మూడో కాలంలో రి, గ కలిసి మోగుతున్నాయంటే ఇంకో సైజు చూసుకోవాల్సిందే.

హార్మోనియంలో లేనిది ఇంకోటి ఇందులో దొరుకుతుంది. స్వరాన్ని వంచే లివర్. హార్మోనియం మెట్టు మెట్టుగా పలుకుతుందే గానీ గమకం, అంటే స్వరంలో ఊపు, రాదని పెద్దలకు ఎప్పటినుంచో ఫిర్యాదు. 1940లో ఆకాశవాణి దాన్ని కచేరీల్లోంచి తీసేసింది కూడా, 1971 దాకా ఆ నిషేధం నడిచింది. మన పల్లె భజనలు ఆ నిషేధాన్ని పట్టించుకోలేదనుకోండి. ఇక్కడ ఎడమ చేత్తో లివర్ కాస్త కదిపితే గాంధారం ఊగుతుంది. మొదట్లో పిల్లి అరిచినట్టే ఉంటుంది. పాలమూరు పక్క 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారి చేతిని వినండి. 2022లో పద్మశ్రీ వచ్చాక ఆయన వాయించినవి చాలా చోట్ల దొరుకుతున్నాయి. తీగ మీద స్వరం నుంచి స్వరానికి వెళ్లే ఆ దారిని లివర్‌తో పట్టుకోవడానికి ప్రయత్నించండి. పూర్తిగా రాదు. కానీ వేలు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

ఇక తాళం. మన ప్రాంతం వాళ్లు లూపర్‌తో ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడే. ఈ యంత్రాలు చేసినవాళ్ల లెక్కలో బార్ అంటే నాలుగు దెబ్బలు. మీ బాణీ ఆది తాళంలో ఉంటే గొడవే లేదు, ఎనిమిది దెబ్బలంటే రెండు బార్లు. దెబ్బలు నిమిషానికి 80 చొప్పున వేస్తే ఒక ఆవర్తం సరిగ్గా 6 సెకన్లు. కానీ మన జాతర పాటలు, బతుకమ్మ పాటలు చాలావాటికి తిశ్రం ఊపు, అంటే మూడేసి దెబ్బల నడక ఉంటుంది. ఆరు దెబ్బల పాటను నాలుగు దెబ్బల మెట్రోనోమ్ (టిక్ టిక్ మని తాళం వేసేది) మీద మొదలుపెట్టి ఒక్క ఆవర్తానికే మూసేశారనుకోండి, రెండో చుట్టుకే ఒకటో దెబ్బ ఎక్కడుందో తెలియకుండా పోతుంది. రెండు ఆవర్తాలు వాయించి మూయాలి. అప్పుడు 12 దెబ్బలు, అంటే మూడు బార్లు. మిశ్ర చాపులో ఏడు దెబ్బలైతే నాలుగు ఆవర్తాలు, 28 దెబ్బలు, ఏడు బార్లు. కొన్ని లూపర్లు 1, 2, 4, 8 బార్లు తప్ప ఇంకేదీ ఒప్పుకోవు. అలాంటిది మన పాటకు పనికిరాదు, ఎంత చవకైనా. ఏ లూపర్ కొన్నా సరే, మెట్రోనోమ్ ఆపేసి 12 దెబ్బల లూప్ వేసి చూడండి. అతుకు వినపడకుండా తిరిగితే సరైనది.

మీ ఆవిడ మాట కూడా చూద్దాం, ఆమె చెప్పింది తీసేయాల్సింది కాదు. 61 పెద్ద కీలతో మన దేశం కోసం చేసిన మోడళ్లు ఉన్నాయి. యమహా పీఎస్ఆర్ ఐ500, క్యాసియోలో పేరు చివర ఐఎన్ అని ఉండేవి. తబలా, తంబూర, హార్మోనియం శబ్దాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే చాలు, డ్రమ్ములూ బేసూ అన్నీ కలిపి వెనకాల బ్యాండు నడుస్తుంది. సినిమా పాటలు నేర్చుకునే పిల్లకు అదే కావాలి. క్లాసుకు వెళ్లినా అక్కడ 61 కీల మీదే నేర్పుతారు. చిన్న కీల మీద అలవాటైన వేళ్లను మళ్లీ మార్చుకోవాలి.

కానీ అది వంత కాదు, అద్దెకు తెచ్చిన ఆర్కెస్ట్రా. దరువు దానిది, బేస్ దానిది, మీది పైన పాట ఒక్కటే. వారం తిరిగేసరికి మీరు కట్టే బాణీలన్నీ ఆ స్టైల్‌కు తగ్గట్టు వంగిపోతాయి. నాకు తెలిసి హార్మోనియం నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇలా పెద్ద కీబోర్డులు కొని, రెండు నెలల తర్వాత తబలా, తంబూర తప్ప మిగతా బటన్లు ముట్టుకోవడం మానేశారు.

పెద్ద కీబోర్డు కొని దాని హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి లూపర్ పెడల్‌కు, అక్కడి నుంచి స్పీకర్‌కు వైరు కలిపితే రెండూ తీరుతాయి కదా అని ఎవరైనా చెప్తారు. నిజమే. బాస్ అనే కంపెనీ ఆర్‌సీ-1 లాంటి పెడల్‌లో 12 నిమిషాల దాకా రికార్డ్ అవుతుంది. శబ్దాన్నే పట్టుకునే రకం కాబట్టి కింద తబలా, పైన హార్మోనియం వేసుకోవచ్చు. సంగీతం పరంగా చూస్తే అన్నిటికంటే మంచి ఏర్పాటు అదే. కాకపోతే కీబోర్డు, పెడల్, స్పీకర్, వైర్లు కలిపితే మీ 30 వేలు చాలవు. రాత్రి పదింటికి అవన్నీ కలిపి కూర్చునేంత ఓపిక మీకుంటుందా అన్నది ఇంకో ప్రశ్న. నాకైతే ఉండదు. డాబా మీదికి చంకన పెట్టుకుని వెళ్లగలిగింది రోజూ వాయిస్తాం, వైర్లు కలపాల్సింది ఆదివారం వాయిస్తాం.

నేను చెప్పేది ఇది. ఒక నెల ఏమీ కొనకండి. ఫోన్‌లో ఉచితంగా దొరికే లూపర్ యాప్ ఒకటి వేసుకుని మీ నాన్నగారి హార్మోనియంతోనే మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్ పెట్టుకోవాలి, లేకపోతే స్పీకర్‌లోంచి వచ్చే లూప్ మళ్లీ మైక్‌లో పడి గోల అవుతుంది. అదీ వైరున్నదే. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యంగా వస్తుంది. మీ తాళం తప్పింది మీ వల్లనో దాని వల్లనో తెలియక పిచ్చెక్కుతుంది. మొదట స, ప రెండే పట్టి పొడుగాటి లూప్ వేయండి. దాని మీద మోహన రాగం. ఐదు స్వరాలే, ఏది వాయించినా కింది శ్రుతితో పొసుగుతుంది, ధైర్యం వస్తుంది. పది రోజులయ్యాక తాళం కలిపి ఎనిమిది దెబ్బల లూప్, ఆ తర్వాత తిశ్రం. మీట సరిగ్గా ఒకటో దెబ్బ మీద నొక్కడమే మొత్తం విద్య. ఒకటి వచ్చాక నొక్కితే ఆలస్యమైనట్టే, వస్తుండగా నొక్కాలి. చప్పట్లు కొట్టేటప్పుడు చేయి ముందే లేస్తుంది చూడండి, అలాగ.

నెల తర్వాత కూడా రోజూ కూర్చుంటున్నారంటే సీఎస్ కొనుక్కోండి. అమ్మాయి పేరు మాత్రం చెప్పి కొనకండి. "ఇది నా కోసం" అని ఇంట్లో చెప్పండి. మిగిలిన ఆరు వేలు అమ్మాయి కీబోర్డు కోసం పక్కన పెట్టి, నెలనెలా దానికి ఇంకొంత చేరుస్తానని ఒప్పుకోండి. పదో రోజుకే యాప్ తీయడం మానేశారంటే మీ ఆవిడ చెప్పిన కీబోర్డు కొనండి, అందులో హార్మోనియం టోన్ పెట్టుకుని మీరూ వాయించుకుంటారు. ఒకవేళ అమ్మాయి గట్టిగా "నాకు కావాలి" అందంటే మాత్రం ఈ నెల లెక్క పక్కన పెట్టండి. పన్నెండేళ్ల వయసులో అడిగిన పిల్లను ఆపి, నలభై మూడేళ్ల మనిషికి కొనడం నాకు మనసొప్పదు. మీకు ఎలాగూ ఫోన్ లూపర్ ఉంటుంది, హార్మోనియం ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేటట్టయితే సెల్లు ఆరు, వైరు ఇయర్‌ఫోన్ తీసుకెళ్లండి. ఇయర్‌ఫోన్ పిన్నుకూ కీబోర్డు సాకెట్‌కూ సైజు తేడా ఉంటుంది కాబట్టి పెద్ద పిన్ను అడాప్టర్ కూడా. ముందు సెల్లు వేసే మూత తీయండి. స్ప్రింగుల మీద పచ్చగా, తెల్లగా పొక్కులు కట్టి ఉంటే సెల్లు లోపలే కారిపోయాయన్నమాట, ధర బాగా తగ్గించాలి. కీలు 37 ఒక్కొక్కటీ నొక్కండి. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. స్లైడర్లు ఆ చివర నుంచి ఈ చివర దాకా జరిపేటప్పుడు గరగర వినిపిస్తే దుమ్ము పట్టింది, శుభ్రం చేయిస్తే పోవచ్చు. మధ్యలో శబ్దం ఎగిరి దూకితే అది పోయేది కాదు. పవర్ వైరు పెట్టి పిన్నును కొంచెం అటూ ఇటూ కదపండి, ఆగిపోతుంటే వద్దు. అడాప్టర్ కంపెనీదే ఇవ్వమనండి. ఈ రీఫేస్‌కు 12 వోల్టులు, లోపలి పిన్ను ప్లస్. పాత క్యాసియో అడాప్టర్లలో చాలావాటికి లోపలి పిన్ను మైనస్. పిన్ను పట్టింది కదా అని ఇంట్లో ఉన్నది గుచ్చితే కీబోర్డే పోవచ్చు.

అన్నీ బాగుంటే 24 చెప్పినాయన 21కి దిగుతాడేమో అడిగి చూడండి. తిరుగు బస్సులో పైన లగేజీ చోట పెట్టకుండా ఒళ్లో పెట్టుకోండి. రెండు కిలోల లోపే ఉంటుంది, కొండమల్లేపల్లి దాకా ఇబ్బంది ఉండదు.